రెండో జట్టు ఆడిన గంగాళం మ్యాచ్

పోయిన ఆదివారం మా ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక ఇత్తడి గంగాళం దిగింది, దాని వెనక రాజేశ్వర్ దిగాడు. ఇన్నేళ్ళలో ఇద్దరిలోనూ లావెక్కనిది గంగాళమే. కాలేజీ రోజుల్లో రాజేశ్వర్ కార్వాన్ వైపు కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. ఇప్పుడు వాళ్ళ తాతల నాటి బట్టల దుకాణంలో పరుపు మీద కూర్చుని, ఒకప్పుడు మా గోలు వైపు చూసిన చూపుతోనే గిరాకీల వైపు చూస్తుంటాడు. "పాత ఇల్లు కూలగొడుతున్నం భాయ్. గిది మీ తాతది. ఏడాది కోసమని ఇంటికి తెచ్చుకున్నం, మల్ల గెల్చి తీస్కపోనీకి మీరెవ్వరూ రాకపోతిరి" అన్నాడు. గంగాళాన్ని గడప దాటించడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. మా అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంత పెద్దది ఏడ పెడ్తవ్‌రా? దీంట్లె నిన్నే కూసోబెట్టాలె" అంది. జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదని కూడా ఆమె అభిప్రాయం. మెట్లు దిగుతుంటే మోకాళ్ళు చప్పుడు చేస్తున్నాయి కాబట్టి అర్హత వచ్చేసిందని నా అభిప్రాయం.

గౌలిపురలో మాది పాల ఇల్లు. మనుషుల గదులు రెండు, బర్రెల కొట్టం ఒకటి. కొట్టమే పెద్దది, గాలి కూడా దానికే బాగా వచ్చేది. తెల్లారకముందే తవుడు నానిన వాసన, తెలగపిండి వాసన, పేడ వాసన, వాటన్నిటినీ ఓడించాలని నాయనమ్మ వేసే సాంబ్రాణి పొగ కలిసి మా గల్లీకి సొంత వాతావరణం ఉండేది. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాళ్ళకు నేను ఏ ఇంటి పిల్లాడినో చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. తాత పేరు పెంటయ్య. ఆయన మమ్మల్ని "అరేయ్" అని, బర్రెలను "అమ్మా" అని పిలిచేవాడు. గల్లీ అంతటికీ పాలు పోసే మనిషి తాను మాత్రం నల్ల చాయ్ తాగేవాడు. ఎందుకు తాతా అంటే, "పాలు అమ్మేటివిరా, తాగేటివి కావు" అనేవాడు. కోపమొస్తే అరవడు, మెడ మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకుంటాడు. ఇంట్లో ఎవరి తప్పు ఎంత పెద్దదో తువ్వాలు దులుపుడును బట్టి తెలిసిపోయేది.

ఆ గంగాళం తాత తల్లి పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టింది. ఒక ఏడాది, తాత కుర్రవాడిగా ఉన్నప్పుడు, గౌలిపుర పిల్లలకూ కార్వాన్ పిల్లలకూ ఫుట్‌బాల్ పందెం పడిందట. అందరికీ అన్నీ గుర్తున్నాయి గానీ కప్పు కొనాలన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. గెలిచినవాళ్ళు కప్పేదని గొడవకు దిగితే, తాత ఇంటికి ఉరికి, తల్లి చూడకుండా ఈ గంగాళాన్ని దొర్లించుకుంటూ మైదానానికి తెచ్చాడు. వెనకాలే ఆమె వచ్చింది, కట్టెతో. వచ్చి, ఇంత మందిని చూసి సిగ్గుపడి కట్టె కింద పారేసి, ఎలాగూ వచ్చింది కదా అని అందులోనే పాలు కాచి, బెల్లం వేసి పాశం వండించింది. అలా పుట్టింది గంగాళం మ్యాచ్. తర్వాత కాలంలో ఆ రెండు బస్తీల పిల్లలు చేరే రెండు కాలేజీల మధ్య ఏటేటా, సీజన్ అంతా అయిపోయాక ఒకే ఒక్క ఆటగా అది నిలబడిపోయింది. దాని వల్ల పాయింట్లు రావు, పట్టికలో పైకి ఎక్కడమూ ఉండదు. రూల్స్ మాత్రం ఉండేవి. గెలిచినవాళ్ళు పాశం వండాలి. ఓడినవాళ్ళను వరసగా కూర్చోబెట్టి తమ చేతులతో వడ్డించాలి. ఓడినవాళ్ళు "చాలు" అన్నాకే తాము ముట్టాలి. ఆ తర్వాత గంగాళం గెలిచినవాళ్ళ ఇంటికి పోతుంది, ఏడాది దాకా అక్కడే ఉంటుంది. ఎవరింట్లో ఉంటే ఆ జట్టు కెప్టెనే తర్వాతి మ్యాచ్‌కి ముందు దానికి కళాయి పూయించాలి. ఇత్తడి కదా, లోపల కళాయి లేకుండా పాలు కాస్తే కిలుమెక్కి విషమవుతుంది. లీగులో పదిసార్లు గెలిచిన ఆటగాణ్ణి మా గల్లీ ముసలివాళ్ళు గుర్తుపట్టేవారు కాదు. గంగాళం మ్యాచ్‌లో ఒక్క గోలు కొట్టినవాడికి మాత్రం పెళ్ళి సంబంధాలు వచ్చేవి. వచ్చిన సంబంధాలు నిలిచాయా అనేది వేరే విషయం.

నేను కాలేజీలో ఉన్నప్పుడే యూనివర్సిటీవాళ్ళు నాకౌట్లు పెద్దవి చేశారు. అంతకుముందు లీగులో పైనున్న రెండు జట్లు ఫైనల్ ఆడేవి, మిగతావాళ్ళకు గంగాళం లాంటి మ్యాచ్‌లే పండగ. ఇప్పుడు ఎనిమిది జట్లను తీసుకుని, ఓడితే ఇంటికే అన్న లెక్కన ఆడిస్తామన్నారు. దాంతో చరిత్రలో ఎన్నడూ లేనిది, మా కాలేజీ ఎనిమిదో జట్టుగా నాకౌట్లలో పడింది. ఏడోది కార్వాన్. ఈ వార్త తెలిసిన రోజు మా ప్రిన్సిపల్ మైదానం ఎక్కడుందో అడిగి తెలుసుకుని వచ్చి చూసి వెళ్ళాడు. తిరకాసు ఎక్కడంటే, నాకౌట్లు మొదలయ్యేది గంగాళం మ్యాచ్ అయిన మూడో రోజు.

మా కెప్టెన్ మల్లేశ్. సెంటర్ ఫార్వర్డ్. బంతి వాడి కాలికి తగిలితే ఇంటికి చేరినట్టుండేది. వాడి బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్. వాళ్ళుండేది యాకుత్‌పురా స్టేషన్ దగ్గరి క్వార్టర్‌లో. బాపు ఆ ఏడే రిటైరవుతున్నాడు, రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఖాళీ చేసి ఎక్కడికి పోవాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకౌట్లు చూడ్డానికి రైల్వే సెలెక్టర్లు వస్తారని, స్పోర్ట్స్ కోటాలో పిల్లల్ని తీసుకుంటారని మా పీటీ సార్ ఖాయంగా కనుక్కొచ్చాడు. అంటే మల్లేశ్ కాళ్ళ మీద ఆ ఇల్లు మొత్తం నిలబడి ఉంది. ఇది నేను అతిశయోక్తిగా చెప్పడం లేదు, వాళ్ళమ్మ వాడు బూట్లు వేసుకుంటుంటే నిజంగానే కాళ్ళకు దిష్టి తీసేది.

పీటీ సార్ అందరినీ పిలిచి తేల్చేశాడు. "ఫస్ట్ ఎలెవన్ల ఒక్కడు సుత గంగాళం మ్యాచ్ ఆడొద్దు. మడమ మెలిక పడ్డదంటే నాకౌట్ లేదు, సెలెక్షన్ లేదు. రెండో టీమును దింపుతం."

"రెండో టీమంటే ఎవరు సార్?" అన్నాను.

"నువ్వేరా."

నేను రెండో గోలీని. రెండో గోలీ అంటే బెంచీ మీద చలికి, ఎండకు, వానకు ఓర్చుకునే శిక్షణ పొందినవాడని అర్థం. మూడేళ్ళలో నేను పట్టుకున్న వస్తువుల్లో బంతి కన్నా నీళ్ళ సీసాలే ఎక్కువ. నాతోపాటు రెండో జట్టులో ఉన్నవాళ్ళంతా అంతే. యాద్గిరి అనే మా డిఫెండర్ జట్టు ఫొటో తీసిన రోజే తప్ప జెర్సీ వేసుకున్న రోజు లేదు.

మల్లేశ్ ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు, పాలు పిండే వేళకు. తాత బర్రె పొదుగు కడుగుతున్నాడు. మల్లేశ్ కొట్టం గుంజను పట్టుకుని నిలబడి, "తాతా, ఈసారి నేను గంగాళం మ్యాచ్ ఆడ్తలేను" అన్నాడు.

తాత వెనక్కి తిరగలేదు. "ఆడనని చెప్పనీకి వచ్చినవా, ఆడాల్నా అని అడగనీకి వచ్చినవా?"

"చెప్పనీకే" అన్నాడు మల్లేశ్. గొంతు మాత్రం అడుగుతున్నట్టే ఉంది.

"సరే. చాయ్ తాగి పో" అన్నాడు తాత. లేచి తువ్వాలు దులుపుకున్నాడు, చాలాసేపు. నాయనమ్మ నావైపు చూసింది. నేను చాయ్ వైపు చూశాను.

మ్యాచ్ రోజు పొద్దున తాత గంగాళాన్ని బయటికి తీసి వెలుతురులో పక్కకు ఒంచాడు. అప్పుడు బయటపడింది సంగతి. పోయినేడు మేమే గెలిచాం కాబట్టి అది మా ఇంట్లోనే ఉంది, కళాయి పూయించే పని మల్లేశ్‌ది. జట్టంతా నెల రోజులుగా నాకౌట్ల ధ్యాసలో పడి ఆ పని మరిచిపోయింది. లోపల కళాయంతా లేచిపోయి ఆకుపచ్చ మచ్చలు. అన్నేళ్ళలో ఎన్నడూ ఇలా జరగలేదు. ఓడినప్పుడు జరగలేదు, వానలో ఆట ఆగిపోయినప్పుడు జరగలేదు. నాకౌట్లకు పేరొచ్చిన మొదటి ఏడే జరిగింది. తాత ఒక మచ్చను గోటితో గీకి చూశాడు. నాయనమ్మ, "గీ పాశం తింటే నాకౌట్లకు మీరు కాదు, అంబులెన్సే వస్తది" అంది. మా ఇంట్లో నా ఒక్కడికే నోరుందనుకునేవాళ్ళు నాయనమ్మను ఎరగనివాళ్ళు. కబురందగానే మల్లేశ్ ఉరికొచ్చాడు. మేమంతా మ్యాచ్ బట్టలు వెతుక్కుంటుంటే వాడు గంగాళాన్ని ఆటోలోకి ఎక్కించుకుని కళాయి చాచా దుకాణానికి పోయాడు.

మైదానానికి గల్లీ గల్లీ కదిలొచ్చింది, ఎప్పటిలాగే. జట్టు రాలేదని వాళ్ళకు ముందే తెలియదు. మేం దిగగానే ఒక పెద్దాయన, "అసలు టీము ఏది బిడ్డా, మీరు నీళ్ళిచ్చేటోళ్ళు కాదా?" అని ప్రేమగానే అడిగాడు. కార్వాన్‌వాళ్ళు కూడా తెలివైనవాళ్ళే, వాళ్ళకూ నాకౌట్లు ఉన్నాయి. వాళ్ళూ రెండో జట్టునే తెచ్చారు. రాజేశ్వర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గీత బయట నిలబడ్డాడు. అలా రెండు కాలేజీల చరిత్రలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా ఒకేసారి లేచి నిలబడ్డ ఏకైక రోజు అది.

అందరూ నవ్వుకోవడానికి సిద్ధపడ్డారు. నేను కూడా నాలుగైదు జోకులు తయారుగా ఉంచుకున్నాను. కానీ ఆట మొదలయ్యాక ఎవరికీ నవ్వడానికి తీరిక దొరకలేదు. మూడేళ్ళు కూర్చుని చూసినవాళ్ళకు ఆడాలని ఎంత ఆకలి ఉంటుందో ఎవరూ లెక్కేసుకోలేదు. యాద్గిరి మొదటిసారి బంతిని తన్నినప్పుడు అది మైదానం దాటి పక్క మేడ మీద ఆరేసిన దుప్పట్లలో పడింది; రెండోసారి నుంచి వాణ్ణి దాటి చీమ కూడా పోలేదు. వాళ్ళొక గోలు కొట్టారు, మేమొకటి కొట్టాం. నేను ఒక పెనాల్టీ ఆపాను. న్యాయంగా చెప్పాలంటే నా ముఖం ఆపింది, నేను దాని వెనక ఉన్నాను. గల్లీ ఆడవాళ్ళు ఈల వేయడం నేను ఆ రోజే విన్నాను.

సగం ఆటయ్యాక ఆటో వచ్చింది. అందులోంచి మల్లేశ్ దిగాడు. "ఆడనీకి వచ్చిండు!" అని జనం మొత్తం లేచి అరిచారు. వాడు వెనక్కి తిరిగి, వంగి, వెండిలా మెరుస్తున్న గంగాళాన్ని దించాడు. జనం మళ్ళీ కూర్చున్నారు.

రెండో సగంలో యాద్గిరి కాలు మెలిక పడింది. లేపబోతే లేవలేకపోయాడు. ఇద్దరు మోసుకుపోయి గీత బయట పడుకోబెట్టారు. మార్చడానికి మాకు మనిషి లేడు. రెండో జట్టుకు బెంచీ ఎక్కడి నుంచి వస్తుంది, బెంచీయే కదా ఆడుతున్నది. పదిమందిమి మిగిలాం. అప్పుడు మొదలైంది: "మల్లేశ్! మల్లేశ్!" చిన్నపిల్లలు, ముసలివాళ్ళు, మిర్చీ బండి మనిషి, అందరూ అదే పాట. కార్వాన్ వైపు నుంచి ఎవడో, "నౌకరీ వచ్చెదాంక నడుస్తడా, ఎత్కపోవాల్నా?" అని అరిచాడు. మల్లేశ్ మొహం ఎర్రబడింది. చెప్పులు విడిచాడు. యాద్గిరి బూట్లు తీసి చేతిలో పట్టుకున్నాడు. పీటీ సార్ అక్కడ లేడు, తాను చూస్తే మనసు ఆగదని రాలేదు. గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీలో తాత ఒక్కడే ఉన్నాడు. మల్లేశ్ ఆయన వైపు చూశాడు. మైదానం మొత్తం ఆయన వైపే చూసింది. ఆ గంగాళం ఆయన తల్లిది, ఆ మ్యాచ్ ఆయనది. ఆయన ఊ అంటే చాలు.

"బూట్లు కింద పెట్టు" అన్నాడు తాత. "కూసో బిడ్డా."

"తాతా, పదిమందే ఉన్నరు..."

"పదిమంది ఆడ్తరు. కూసో."

జనం గొణిగారు. తాత ఈడువాడే, ఏళ్ళ తరబడి ఈ మ్యాచ్ చూస్తున్నవాడే ఒకాయన, "ఏంది పెంటన్నా, నువ్వే గిట్లంటే ఇగ రేపటి సంది ఎవడాడ్తడు?" అన్నాడు. తాత తువ్వాలు కూడా దులపలేదు. మల్లేశ్ బూట్లు యాద్గిరి తల దగ్గర పెట్టి, తాత కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆట అయ్యేదాకా గడ్డి పీకుతూనే ఉన్నాడు. అంత జాగా ఇప్పటికీ బోడిగానే ఉందని నా అనుమానం.

పదిమందిమి ఆడాం. ఆఖరి నిమిషాల్లో వాళ్ళ కుర్రాడొకడు గాల్లోకి లేచి తలతో కొట్టిన గోలు ఎంత బాగుందంటే, నేనే చప్పట్లు కొట్టబోయి చేతులకు గ్లోవ్స్ ఉన్నాయని ఆగాను. ఓడిపోయాం. కానీ ఆ రోజు మా గల్లీవాళ్ళు మమ్మల్ని భుజాల మీద ఎత్తుకున్నారు. నన్నెత్తుకున్న మేనమామ నడుం పట్టేసి వారం మంచం మీదున్నాడు, ఇప్పటికీ దాన్ని గొప్పగానే చెప్పుకుంటాడు.

పాశం కార్వాన్‌వాళ్ళు వండారు. పాలు మా బర్రెలవి, బెల్లం వాళ్ళ దుకాణాలది. పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే పాలు విరుగుతాయని, దించాకే వేయాలని తాత గరిటె పట్టుకున్న రాజేశ్వర్‌కు పక్కనుండి చెప్పాడు. రాజేశ్వర్ ఇస్త్రీ చొక్కా మీద పాశం పడింది, ఇక ఆడలేదన్న లోటు వాడికి తీరింది. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి విస్తళ్ళు వేశారు. మల్లేశ్ దూరంగా నిలబడ్డాడు, ఆడనివాడికి విస్తరి ఏమిటని. రాజేశ్వరే వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. "కళాయి పూయించినోడు తినకపోతే మాకు భయం భాయ్. నువ్వు తిను, నీకేం కాకపోతే మేం తింటం" అన్నాడు. అంతమందిలో నవ్వు వచ్చింది. మల్లేశ్ కూడా నవ్వాడు, తింటూనే కళ్ళు తుడుచుకున్నాడు. వేడి పాశం, ఆవిరి తగిలి ఉంటుంది.

మూడో రోజు నాకౌట్‌లో మేం నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. ఆ మైదానంలో మమ్మల్ని భుజాలకెత్తుకోవడానికి ఎవరూ లేరు, పాశం కూడా లేదు. ఓడినవాళ్ళు త్వరగా బస్సెక్కితే బట్టలు మార్చుకునే గదులు ఖాళీ అవుతాయని ఆటలు నడిపేవాళ్ళు అన్నారు. కానీ మల్లేశ్ ఆ రోజు ఒంటరిగా ఆడిన ఆట సెలెక్టర్లు చూశారు. కొన్నాళ్ళకు వాడికి కోటాలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళమ్మ సామాను సర్దడానికి తెచ్చుకున్న గోనె సంచులు తిరిగి ఇచ్చేసింది.

గంగాళం మ్యాచ్ ఆ తర్వాత రెండేళ్ళు నడిచింది; రెండేళ్ళూ కార్వానే గెలిచింది, గంగాళం రాజేశ్వర్ ఇంట్లోనే ఉండిపోయింది. ఏ కాలేజీ మొదటి జట్టూ మళ్ళీ రాలేదు. పెంటయ్య తాతే మల్లేశ్‌ను కూర్చోబెట్టాక ఇంకొకరిని ఆడమనడానికి ఎవరికి నోరొస్తుంది? తర్వాత రెండో జట్లకు కూడా పరీక్షలు అడ్డొచ్చాయి. ఒక ఏడు ఎవరూ ఎవరినీ పిలవలేదు, అంతే. ఇప్పుడు నాకౌట్లు ఫోన్‌లో ప్రత్యక్షంగా వస్తాయి, జట్లు ఇంకా పెరిగాయి, కుర్రాళ్ళ బూట్లు చూస్తే నాకు అసూయ. అవి చెడ్డవని నేననను. మా బస్తీల నుంచి ఎందరు పిల్లలు ఆ దారిన నౌకరీల్లోకి పోయారో నాకు తెలుసు, వాళ్ళ పేర్లు చెప్పుకుంటే నా ఛాతీ కూడా కాస్త ముందుకొస్తుంది, పొట్ట కన్నా ముందుకు. ఒకటే తేడా. నాకౌట్‌లో ఓడినవాడు ఎవడో ఎవరికీ గుర్తుండదు. మా దగ్గర ఓడినవాడికే మొదటి విస్తరి పడేది. ఆ రోజు వరసలో కూర్చున్న పదిమంది పేర్లు, గీత బయట పడుకున్న యాద్గిరి పేరు గౌలిపురలో ఈరోజుకీ చెప్పేవాళ్ళున్నారు. మూడేళ్ళు నీళ్ళ సీసాలు మోసినవాళ్ళ పేర్లు ఇంకే మ్యాచ్ మోస్తుంది?

తాత పోయి కొన్నేళ్ళయింది. మల్లేశ్ ఆర్డరు కాగితం తీసుకుని ఆయన దగ్గరకు వచ్చిన రోజు మాత్రం నేను అక్కడే ఉన్నాను, గడ్డి వేస్తూ. వాడు కాళ్ళకు మొక్కి లేచి కొట్టం గుంజను పట్టుకున్నాడు.

"తాతా, ఆ దినం నువ్వు ఒక్క మాటంటే నేను దిగేటోన్ని. నౌకరీ పోతే పాయె అనుకున్న."

"ఎర్కనే" అన్నాడు తాత. "గందుకే కూసోమన్న."

"నీ మ్యాచ్ పాయె గద తాతా."

తాత బర్రె వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. "మ్యాచ్ నాది. పోగొట్టుకుంటే నేనే పోగొట్టుకోవాలె, నువ్వెట్ల పోగొడ్తవ్?" అన్నాడు. తర్వాత వాడి చేతిలోని కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చూసి, "సరే గని బిడ్డా, గీ రైల్వే పాసు ఇంటోళ్ళకేనా, పాలోళ్ళకు సుత నడుస్తదా?" అని అడిగాడు.